యవ్వనం తిరిగొస్తుందని వేసెక్టమీ చేశారు!

మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే ఒకాయన కొన్నాళ్ల కిందట మా మెడిసిన్ ఓపీకి వచ్చారు. వయసు 42. ఏడాదిగా నీరసం, కాళ్లు లాగడం, బస్తా భుజానికెత్తితే ఆయాసం. జబ్బుకు కారణం కూడా ఆయనే చెప్పేశారు. ఎనిమిదేళ్ల కిందట చేయించుకున్న కు.ని. ఆపరేషన్‌తోనే సత్తువంతా పోయిందని ఆయన నమ్మకం. వెంట వచ్చిన భార్య తల దించుకుని కూర్చుంది. రెండు కాన్పులూ సిజేరియన్లే కావడంతో మళ్లీ కడుపు కోయించుకోలేక, ఈసారి మీరు చేయించుకోండని బతిమాలింది తనేనట. రక్తపరీక్ష చేయిస్తే షుగర్ 340 ఉంది. మందులు వేసుకున్న రెండు నెలలకు ఆయన మళ్లీ బస్తాలు మోస్తున్నారు. కానీ ఆ ఏడాదంతా నింద మోసింది మాత్రం ఆమె.

ఇప్పుడు మిమ్మల్ని వందేళ్లు వెనక్కి, వియన్నా నగరానికి తీసుకెళతాను. 1918 నవంబరు 1. మొదటి ప్రపంచ యుద్ధం ముగింపుకొచ్చింది. ఊళ్లో తిండి లేదు, బొగ్గు లేదు. గుర్రపు బండి తోలుకుని బతికే 43 ఏళ్ల మనిషి ఒకడు చిక్కి శల్యమై, బరువులు ఎత్తలేక, ముందే ముసలితనం వచ్చినట్టు ఆస్పత్రికి చేరాడు. రాబర్ట్ లిక్టెన్‌స్టెర్న్ అనే సర్జన్ అతనికి శుక్రవాహికను ముడివేసి కత్తిరించే ఆపరేషన్ చేశాడు. అంటే వేసెక్టమీయే. పిల్లలు పుట్టకుండా ఉండటానికి కాదు, పోయిన సత్తువ తిరిగి రావడానికి! కొన్ని నెలల్లో ఆ బండివాడు బరువు పెరిగి, చర్మం నిగారించి, మళ్లీ మూటలు మోశాడని డాక్టర్లు రాసుకున్నారు.

అదే ఆపరేషన్. అక్కడ సత్తువ తెచ్చిందన్నారు, ఇక్కడ తీసుకుపోయిందంటున్నారు. రెండూ నిజం కావడానికి వీల్లేదు కదా? అసలు రెండూ నిజం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఆ బండివాడి ఆపరేషన్ వెనకున్న శాస్త్రవేత్త కథ తెలియాలి. ఆయన పేరు యూజెన్ స్టైనాక్. ఈరోజు ఆ పేరు వైద్య విద్యార్థులకు కూడా తెలియదు. 1920లలో మాత్రం యూరప్, అమెరికా పత్రికల్లో మారుమోగింది. ఆ ఆపరేషన్ చేయించుకోవడాన్ని ఆయన పేరుతోనే ఇంగ్లిష్‌లో ఒక క్రియాపదంగా వాడేవారు.

స్టైనాక్ 1861లో ఆస్ట్రియా పడమటి కొసన, స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరున్న హోహెనెమ్స్ అనే చిన్న ఊళ్లో, యూదు కుటుంబంలో పుట్టాడు. తాత డాక్టరు, తండ్రి డాక్టరు. 1886లో తానూ ఇన్స్‌బ్రుక్‌లో వైద్యపట్టా తీసుకున్నాడు కానీ రోగుల్ని చూడటం మీద ఆసక్తి లేదు. శరీరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్నదే ధ్యాస. ప్రాగ్‌లో చాలా ఏళ్లు పరిశోధన చేసి, 1912లో వియన్నాలోని వివేరియం అనే సంస్థలో శరీరధర్మశాస్త్ర విభాగానికి అధిపతిగా వచ్చాడు. ప్రేటర్ అనే పెద్ద ఉద్యానవనంలో, 1873 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన అక్వేరియం భవనం అది. హాన్స్ ప్రిబ్రామ్ అనే జీవశాస్త్రవేత్త ఇద్దరు మిత్రులతో కలిసి దాన్ని కొని ప్రయోగశాలగా మార్చాడు.

స్టైనాక్ అసలు గొప్పతనం ఆ రోజుల్లో ఎలుకలు, గినీపిగ్‌ల మీద చేసిన పనిలో ఉంది. పిల్ల మగ ఎలుకకు వృషణాలు తీసేస్తే అది పెద్దయినా మగ లక్షణాలు రావు. ఆ వృషణాన్నే దాని పొట్ట కండరం మీద అతికిస్తే? అక్కడికి నరాల సంబంధం లేదు, నాళం లేదు. అయినా ఎలుక మామూలు మగ ఎలుకలాగే ఎదిగింది. వృషణాలు తీసేసిన మగ గినీపిగ్‌కు అండాశయం అతికిస్తే దానికి చనుమొనలు పెరిగి పిల్లలకు పాలిచ్చింది. ఆడ, మగ లక్షణాలను నడిపించేది నరాలు కాదు, గ్రంథులు రక్తంలోకి వదిలే రసాయనాలే అని దీంతో తేలిపోయింది. హార్మోన్ శాస్త్రానికి పునాది వేసినవారిలో స్టైనాక్ ఒకడు. ఆ గౌరవం ఆయనకు ఇచ్చితీరాలి.

తప్పటడుగు ఆ తర్వాత పడింది. అది ఎలా పడిందో చెప్పాలంటే వృషణం లోపలికి వెళ్లాలి, కాస్త ఓపిక పట్టండి.

వృషణంలో రెండు విభాగాలున్నాయి. మొదటిది, చుట్టలు చుట్టలుగా సర్దుకుని ఉండే సన్నటి గొట్టాలు. ఒక్కో వృషణంలోని గొట్టాలన్నీ విప్పి పరిస్తే వందల మీటర్లు వస్తాయి. శుక్రకణాలు తయారయ్యేది వీటిలోనే. రెండోది, ఆ గొట్టాల మధ్య సందుల్లో గుంపులుగా ఉండే లేడిగ్ కణాలు. 1850లో వీటిని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త పేరే వీటికి వచ్చింది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను తయారుచేసేవి ఇవే. శుక్రకణాలు బయటికి రావడానికి నాళం కావాలి. హార్మోన్‌కు నాళంతో పని లేదు, తిన్నగా రక్తంలో కలిసిపోతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువు.

పొట్ట మీద అతికించిన వృషణాలను స్టైనాక్ మైక్రోస్కోపులో చూసినప్పుడు గొట్టాలు కుంచించుకుపోయి, మధ్యనున్న కణాలు మాత్రం దట్టంగా కనిపించాయి. అంతకు ముందే, 1903 ప్రాంతంలో, ఫ్రాన్స్‌లో బూయాన్, ఆన్సెల్ అనే ఇద్దరు జంతువులకు శుక్రవాహిక ముడివేస్తే కూడా ఇలాగే జరుగుతుందని రాశారు. ఈ రెండూ కలిపి స్టైనాక్ ఒక సిద్ధాంతం అల్లాడు. ఒకే ఇంట్లో ఇద్దరు కాపురం ఉన్నట్టు ఈ రెండు విభాగాలూ చోటు కోసం పోటీ పడుతున్నాయి. నాళం మూసేస్తే శుక్రకణాల విభాగం మూలపడుతుంది. ఆ చోటును హార్మోన్ విభాగం ఆక్రమించి విజృంభిస్తుంది. హార్మోన్ పెరిగితే ముసలితనం వెనక్కి తగ్గుతుంది. ముసలి ఎలుకలకు నాళం ముడివేసి చూశాడు. బొచ్చు ఊడి మూలన పడుండే ఎలుకలు చురుకుగా తిరగసాగాయని 1920లో పుస్తకం అచ్చువేశాడు.

వినడానికి ఎంత చక్కగా ఉందో చూడండి. మంచి సిద్ధాంతాలతో వచ్చే చిక్కే ఇది.

యుద్ధంలో ఒక తరం యువకులు నేలకొరిగిన యూరప్‌లో యవ్వనం తిరిగొస్తుందన్న మాటకు గిరాకీ లేకుండా ఉంటుందా? పది, ఇరవై నిమిషాల ఆపరేషన్. పారిస్‌లో వొరొనాఫ్ అనే సర్జన్ చేస్తున్నట్టు కోతి వృషణం ముక్కలు అతికించుకోనక్కర్లేదు. డబ్బున్న వృద్ధులు బారులు తీరారు. స్టైనాక్ ప్రయోగాల మీద తీసిన సినిమా 1923లో బెర్లిన్‌లో ఆడింది. న్యూయార్క్‌లో హ్యారీ బెంజమిన్, లండన్‌లో నార్మన్ హేర్ ఈ ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చారు.

చేయించుకున్నవారిలో మీకు బాగా తెలిసిన ఇద్దరున్నారు. మొదటివాడు సిగ్మండ్ ఫ్రాయిడ్. 67 ఏళ్ల వయసులో నోటి క్యాన్సర్‌కు పెద్ద ఆపరేషన్లు చేయించుకుని, అది తిరగబెట్టకుండా ఉంటుందన్న ఆశతో 1923 నవంబరు 17న ఈ ముడి వేయించుకున్నాడు. ఫలితం ఏమీ లేదు. క్యాన్సర్ తిరగబెడుతూనే ఉంది, మరో 16 ఏళ్లలో నోటికి 30కి పైగా ఆపరేషన్లు అయ్యాయి. మనిషి మనసు ఎలా తనను తాను నమ్మించుకుంటుందో లోకానికి చెప్పిన ఫ్రాయిడే ఆశపడ్డాడంటే మిగతావారిని ఏమనగలం?

రెండోవాడు డబ్ల్యూ.బి. యేట్స్, రవీంద్రుడి ఇంగ్లిష్ గీతాంజలికి ముందుమాట రాసిన ఐరిష్ కవి. 1934 ఏప్రిల్‌లో, 68 ఏళ్ల వయసులో లండన్‌లో నార్మన్ హేర్ చేత చేయించుకున్నాడు. కొత్త ప్రాణం వచ్చినట్టుందని మిత్రులకు చెప్పుకున్నాడు. చివరి ఐదేళ్లలో ఆగకుండా రాశాడు, మంచి కవిత్వమే రాశాడు. డబ్లిన్ పత్రికలు ఎగతాళి చేశాయి. హార్మోన్ పెరిగినందుకే రాశాడా? కాదు. ఈ ఆపరేషన్‌కు హార్మోన్ పెంచే శక్తి లేదు. నమ్మకానికి మాత్రం మనిషిని లేపి కూర్చోబెట్టే శక్తి ఉంది. వియన్నా బండివాడి విషయంలోనూ నా అనుమానం అదే. పైగా ఆస్పత్రిలో పడక, వేళకు తిండి, యుద్ధం ముగిశాక మళ్లీ దొరికిన రొట్టె, వీటన్నిటినీ లెక్కలోంచి తీసేసి పేరంతా ముడికి కట్టబెట్టారు.

స్టైనాక్ చేసిన పనుల్లో సమర్థించలేనిది ఇంకొకటి ఉంది. స్వలింగ ఆకర్షణ ఉన్న పురుషులకు వేరే మగవారి వృషణ కణజాలాన్ని అతికిస్తే వాళ్లు మారిపోతారని లిక్టెన్‌స్టెర్న్‌తో కలిసి ప్రయత్నించాడు. ఎవరూ మారలేదు. అది జబ్బు కాదు కాబట్టి మందూ లేదు.

సిద్ధాంతం కూలింది ఎక్కడ? అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో. కార్ల్ మూర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరుడు ఆస్‌లండ్ 1920ల మధ్యలో అదే ప్రయోగాన్ని జాగ్రత్తగా మళ్లీ చేశారు. రక్తనాళాలకు దెబ్బ తగలకుండా, వృషణం వృషణసంచిలోనే ఉండేలా చూసి నాళం ముడివేస్తే గొట్టాలకు ఏమీ కాలేదు. శుక్రకణాలు యథాప్రకారం తయారవుతూనే ఉన్నాయి. మధ్య కణాలు పెరగనూ లేదు. మరి పాత ప్రయోగాల్లో గొట్టాలు ఎందుకు పాడయ్యాయి? ఎలుక, గినీపిగ్ లాంటి జంతువుల్లో వృషణం పొట్టలోకి జారుకోగలదు. ఆపరేషన్ తర్వాత కణజాలం అతుక్కుపోయి అది పైనే ఉండిపోతే పొట్టలోని వేడి తగులుతుంది. శుక్రకణాల గొట్టాలు ఆ వేడికి తట్టుకోలేవు. వృషణసంచి శరీరం కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండేది అందుకే. మూర్ పొట్టేళ్ల వృషణసంచికి వెచ్చటి చుట్టు చుట్టి మరీ చూశాడు. నాళం జోలికి పోకుండానే గొట్టాలు పాడయ్యాయి. అంటే స్టైనాక్ చూసిన మార్పు ముడి వల్ల వచ్చింది కాదు, వేడి వల్ల, నలిగిన రక్తనాళాల వల్ల వచ్చింది. పొట్ట కండరం మీద అతికించిన వృషణంలో గొట్టాలు పోవడంలో ఇక వింతేముంది?

ఇంకో ముచ్చట. స్టైనాక్‌కు 90 ఏళ్ల ముందే దీనికి జవాబు ఉంది. ఆస్ట్లీ కూపర్ అనే లండన్ సర్జన్ 1823లో ఒక కుక్కకు ఒక వైపు రక్తనాళాలను, రెండో వైపు శుక్రవాహికను కట్టేశాడు. రక్తం అందని వృషణం కుళ్లిపోయింది. నాళం కట్టిన వృషణం చెక్కుచెదరలేదు. ఆరేళ్ల తర్వాత చూస్తే ముడికి ఇవతల నాళం ఉబ్బి, నిండుగా ఉంది. అంటే ఉత్పత్తి ఆగలేదు. 1830లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక మన విషయానికి వద్దాం. ఈరోజు వేసెక్టమీ చేయించుకున్న మగవాడి శరీరంలో ఏం జరుగుతుంది? వృషణం తన పని తాను చేసుకుపోతుంది. శుక్రకణాలు రోజూ కోట్లలో తయారవుతూనే ఉంటాయి. దారి మూసి ఉంటుంది కాబట్టి వృషణం వెనక ఉండే ఎపిడిడిమిస్ అనే చుట్టనాళంలో చేరి, అక్కడే చనిపోయి, శరీరంలో కలిసిపోతాయి. ఆపరేషన్‌కు ముందు కూడా బయటికి పోని శుక్రకణాల గతి ఇదే. టెస్టోస్టిరాన్ తగ్గదు, స్టైనాక్ అనుకున్నట్టు పెరగదు. కోరిక, అంగస్తంభన, గడ్డం, గొంతు, కండ, అన్నీ ఎప్పటిలాగే. వీర్యం కూడా వస్తుంది. అందులో ఎక్కువ భాగం తయారయ్యేది ముడికి పైనున్న గ్రంథుల్లో. వృషణం నుంచి వచ్చే వాటా సుమారు 5 శాతమే. ఆ తేడా కంటికి తెలియదు.

అలాగని అసలు ఏ మార్పూ ఉండదని చెబితే అది అబద్ధమవుతుంది. లోపల ఒత్తిడి పెరిగి ఎపిడిడిమిస్ కొద్దిగా ఉబ్బుతుంది. ముడి దగ్గర శుక్రకణాలు కారి బఠాణీ గింజంత గడ్డ కట్టొచ్చు, చాలామందిలో అది బాధించదు. సగం మందికి పైగా తమ శుక్రకణాల మీద తమ శరీరమే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆరోగ్యానికి వాటితో హాని కనిపించలేదు. ఏళ్లు గడిచిన కొందరిలో వృషణం ముక్క తీసి పరీక్షిస్తే అక్కడక్కడ గొట్టాల గోడలు మందమవడం, మధ్యలో మచ్చ కణజాలం చేరడం కనిపించింది. హార్మోన్ మీద దీని ప్రభావం లేదు. మళ్లీ నాళాన్ని కలిపించుకోవాలనుకునే వారికి మాత్రం ఇది లెక్కలోకి వస్తుంది. 1991లో వెలువడిన పెద్ద అమెరికన్ అధ్యయనంలో, వేసెక్టమీ అయిన మూడేళ్లలోపు కలిపించుకున్నవారిలో 97 శాతం మందికి శుక్రకణాలు తిరిగి వచ్చాయి, 76 శాతం జంటలకు గర్భం వచ్చింది. పదిహేనేళ్లు దాటాక కలిపించుకుంటే ఇవి 71, 30 శాతాలకు పడిపోయాయి. అందుకే ఇక పిల్లలు వద్దని గట్టిగా అనుకున్నవారే చేయించుకోవాలి. నూటికి ఒకరిద్దరికి వృషణంలో నొప్పి నెలల తరబడి ఉండొచ్చు. ఉంటే దాచుకోకుండా సర్జన్‌కు చూపించండి.

వృషణాలను నిజంగా మూలపడేసేది వేరే ఉంది. జిమ్‌లలో కండల కోసం, కొన్ని క్లినిక్‌లలో మగతనం పేరుతో పొడుచుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు వృషణాలకు పంపే ఆదేశాలు ఆపేస్తుంది. శుక్రకణాలు పడిపోతాయి, వృషణాలు చిన్నవవుతాయి. పిల్లలు కావాల్సిన కుర్రాళ్లు భయం లేకుండా వీటిని పొడిపించుకుంటారు, పిల్లలు చాలనుకున్న తండ్రులు వేసెక్టమీకి వణికిపోతారు!

స్టైనాక్ కథలో మిగిలింది కొంచెమే. ఆపరేషన్ పేరు మసకబారినా హార్మోన్ల మీద ఆయన పని ఆగలేదు. జర్మనీలోని షేరింగ్ కంపెనీతో కలిసి పనిచేసిన ఫలితంగా 1928లో ప్రోగైనాన్ అనే స్త్రీ హార్మోన్ మందు మార్కెట్‌లోకి వచ్చింది. 1935లో టెస్టోస్టిరాన్‌ను విడదీసి, కృత్రిమంగా తయారుచేశాక యవ్వనం కోసం ముడులు వేయించుకునే అవసరం ఎవరికీ కనిపించలేదు. సెక్స్ హార్మోన్ల మీద చేసిన పనికి బ్యుటెనాంట్‌కు 1939 రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. చాలాసార్లు నామినేట్ అయిన స్టైనాక్‌కు ఏనాడూ రాలేదు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించినప్పుడు ఆయన స్విట్జర్లాండ్‌లో ఉన్నాడు. యూదుడు కాబట్టి ఇంటికి తిరిగి వెళ్లే దారి లేదు. 1944 మే 14న జెనీవా సరస్సు ఒడ్డున మాంత్రో పక్కనున్న టెరిటే గ్రామంలో, 83 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆరు రోజులకు వివేరియం స్థాపకుడు ప్రిబ్రామ్ నాజీల టెరేజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వియన్నా కోసం జరిగిన యుద్ధంలో ఆ భవనం కాలిపోయింది.

మన దగ్గర ఈ ఆపరేషన్ మీద భయానికి వేరే చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదే, దేశంలో 60 లక్షలకు పైగా వేసెక్టమీలు జరిగాయి. ఎన్నో చోట్ల బలవంతం మీద, హడావుడిగా, శుభ్రత లేకుండా చేశారు. ఆ చేదు మనవళ్ల తరానికీ అందింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో దేశంలో వివాహిత స్త్రీలలో 37.9 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకుని ఉన్నారు. భర్త వేసెక్టమీ చేయించుకున్నవారు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనైతే పదిమంది వివాహితల్లో దాదాపు ఏడుగురికి ట్యూబెక్టమీ అయింది. పొట్ట తెరిచి చేసేది ఆమెకు. చర్మానికి చిన్న రంధ్రం చేసి, కుట్లు కూడా లేకుండా, అరగంటలో ముగిసేది ఆయనకు. కోత లేని ఈ పద్ధతిని 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే సర్జన్ కనిపెట్టాడు, ఇప్పుడు మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో జరిగేది అదే.

చేయించుకోవాలనుకుంటే రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు ఎత్తకుండా ఉండటం చాలు. అయితే ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే రక్షణ వచ్చేసిందనుకోకండి. ముడికి పైన నాళంలో అప్పటికే ఉన్న శుక్రకణాలు ఖాళీ కావడానికి మూడు నెలలు పడుతుంది. అప్పుడు వీర్య పరీక్ష చేయించి, శుక్రకణాలు లేవని రిపోర్టు చేతికి వచ్చేదాకా కండోమ్ వాడాలి. ఈ పరీక్షకు రాకుండా ఎగ్గొట్టి, ఆర్నెల్లకు భార్య గర్భవతి అయితే ఆమెను అనుమానించిన మనిషిని నేను చూశాను. ఇప్పటికే చేయించుకున్నవారికి నీరసంగా ఉంటే, ఎన్నేళ్ల కిందటి ఆపరేషనో లెక్కపెట్టడం మానేసి ముందు షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. మా ఓపీకి వచ్చిన హమాలీ మూడు నెలలకోసారి షుగర్ చూపించుకోవడానికి వస్తూనే ఉన్నారు. కిందటిసారి వచ్చినప్పుడు ఆపరేషన్ ఊసెత్తలేదు. బియ్యం మానలేనని మాత్రం గొడవపెట్టుకున్నారు.